కెమెరా వెనక చిన్న తలుపు

1914లో ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ తన కెమెరాల వీపు మీద ఒక చిన్న తలుపు పెట్టింది. తలుపంటే చిటికెనవేలు కూడా దూరనంత సన్నటి రేకు మూత. ఫోటో తీశాక ఆ మూత ఎత్తి, కెమెరాతో పాటే ఇచ్చిన లోహపు పుల్లతో లోపల కనబడే కాగితం మీద తేదీ, ఊరు, మనిషి పేరు, ఏదైనా రాసుకోవచ్చు. రాసి, కొన్ని క్షణాలు ఆకాశం వెలుతురుకి పట్టి మూసేస్తే, ఫిల్ము కడిగినప్పుడు రెండు బొమ్మల మధ్య సందులో ఆ చేతిరాత కూడా తేలుతుంది. ఈ ఏర్పాటుకి 'ఆటోగ్రాఫిక్' అని పేరు. కనిపెట్టినవాడు హెన్రీ గైస్‌మన్. అతని దగ్గర హక్కులు కొనడానికి జార్జ్ ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లు చెల్లించాడు. 1930ల మొదట్లో ఆ రకం ఫిల్ము తయారీ ఆగిపోయింది. తలుపులకి పని లేకుండా పోయింది. పుల్లలు ఎక్కడివక్కడ పోయాయి.

పాత కెమెరాలు బాగుచేసేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: ఆటోగ్రాఫిక్ కోడక్‌లో అన్నిటికన్నా ముందు పోయేది ఆ పుల్లే. లెన్సు ఉంటుంది, షట్టర్ ఉంటుంది, తోలు తిత్తి చిల్లులు పడైనా ఉంటుంది. పుల్ల పెట్టుకునే చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. స్త్రీల రచనా చరిత్ర మీద పనిచేసే నాలాంటివాళ్ళకి ఇది వింటే మనసు ఊరుకోదు. పోయింది రాసే పుల్ల! ఇంకేం కావాలి? కానీ రూపకం దొరికిన సంబరంలో వస్తువుని చూడడం మానేసే అలవాటు మన విమర్శలో చాలానే ఉంది. అందుకని ఈ వ్యాసంలో నేను పుల్ల గురించి, అంటే ఇనప పుల్ల గురించే, ఎక్కువగా మాట్లాడదలుచుకున్నాను.

కెమెరాకీ స్త్రీకీ మధ్య ఆ కంపెనీ కుదిర్చిన సంబంధం ఏమిటో తెలిస్తే తప్ప ఆ తలుపు విశేషం అర్థం కాదు. 1888లో వచ్చిన మొదటి కోడక్ కెమెరా ధర 25 డాలర్లు. 100 ఫోటోలకి సరిపడా ఫిల్ము లోపల నింపే అమ్మేవాళ్ళు. అన్నీ తీశాక కెమెరాని అలాగే రాచెస్టర్‌లోని కంపెనీకి పంపాలి. వాళ్ళు 10 డాలర్లు తీసుకుని ఫిల్ము కడిగి, ఫోటోలు వేసి, మళ్ళీ ఫిల్ము నింపి తిరిగి పంపేవారు. మీట నొక్కడం మీ వంతు, మిగతాదంతా మా వంతు అన్నది వాళ్ళ ప్రచారం. 1890ల నుంచి ఆ ప్రకటనల్లోకి 'కోడక్ గర్ల్' వచ్చింది. చేతిలో కెమెరాతో సముద్రపు ఒడ్డునా, ప్రయాణాల్లోనూ నవ్వుతూ కనబడే అమ్మాయి. గడప దాటి, తనని లోకం చూడడమే కాక తానే లోకాన్ని చూస్తున్న అమ్మాయిగా ఆమెని చదవొచ్చు. కొంతమంది స్త్రీవాద చరిత్రకారులు అలాగే చదివారు కూడా. నాకు మాత్రం 'ఆడవాళ్ళకి కూడా చేతనయ్యేంత సులువు' అని మగ కొనుగోలుదారుకి ఇచ్చిన హామీ అందులో అంతకన్నా గట్టిగా వినిపిస్తుంది. ఆమె చేతికి వచ్చింది మీట. చీకటి గది, రసాయనాలు, పెట్టె విప్పే విద్య కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. (అదే కంపెనీ ఫ్యాక్టరీల్లో ఫిల్ము చుట్టి పొట్లాలు కట్టినవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. ప్రకటనల్లో వాళ్ళు లేరు.) 1928లో రంగురంగుల 'వానిటీ కోడక్' వచ్చింది. మరుసటి ఏడు కెమెరాని అద్దం, పౌడరు, లిప్‌స్టిక్‌లతో కలిపి ఒకే సంచిలో అమ్మిన 'కోడక్ ఎన్‌సెంబుల్' వచ్చింది.

అప్పటికి ఎవరి ఫిల్ము వాళ్ళే ఎక్కించుకునే కెమెరాలు వచ్చేశాయి. అయినా వాడేవాళ్ళ దృష్టిలో ఫిల్ము ముట్టుకోకూడని వస్తువే; వెలుతురు తగిలితే పాడైపోయేదే. అలాంటి ఫిల్ము మీద, ఫోటో తీసిన చోటే, తీసిన మనిషే రాయడానికి ఆ చిన్న తలుపు ఒక పదిహేను, పద్దెనిమిదేళ్ళ పాటు వీలు కల్పించింది. కిటుకు చాలా సాదా. మామూలు ఫిల్ము వెనక దట్టమైన రక్షణ కాగితం ఉంటుంది. ఇందులో పల్చటి కాగితం వాడి, దానికీ ఫిల్ముకీ మధ్య కార్బన్ పూసిన పొర పెట్టారు. పుల్లతో నొక్కి రాసినచోట కార్బన్ తొలగి, ఆ గీతల మేరకే వెలుతురు లోపలికి పోతుంది. నెగెటివ్‌లో అక్షరాలు నల్లగా, వేసిన ఫోటోలో తెల్లగా వస్తాయి. ఫోటోలు వేసేటప్పుడు స్టూడియోవాళ్ళు ఆ సందుని కప్పేసి బొమ్మ వరకే వేస్తే ఆ రాత ఆల్బమ్ దాకా రాదు. నెగెటివ్‌లోనే ఉండిపోతుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

నేను చెబుతున్న కెమెరా 'వెస్ట్ పాకెట్ ఆటోగ్రాఫిక్ కోడక్'. 1915 నుంచి 1926 దాకా తయారైంది. మడిస్తే మందం ఒక అంగుళం. ముందుపలకని లాగితే కత్తెర కాళ్ళలా రెండు పట్టీలు సాగి, మధ్యలో తోలు తిత్తి విచ్చుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికులు జేబుల్లో పెట్టుకెళ్ళడం వల్ల 'సైనికుడి కోడక్' అని పేరొచ్చింది. 127 అనే రకం ఫిల్ము మీద ఎనిమిది బొమ్మలు.

ఇది రాజమండ్రిలో నా స్నేహితురాలి పుట్టింట్లో, ఒక బోషాణంలో, దస్తావేజుల కింద దొరికింది. ఆమె తాతగారి పెద్దన్న వకీలు. కెమెరా ఆయనది. ఆయన అతికించి, కింద ఇంగ్లీషులో వివరాలు రాసుకున్న ఆల్బమ్ ఒకటి, ఒక రేకు డబ్బాలో నెగెటివ్‌లు కూడా ఉన్నాయి. ఆయన భార్యని ఆ ఇంట్లో అందరూ పెద్దమామ్మ అనేవారట. నేనూ అలాగే అంటాను. ఇంటివాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు కనక పేర్లు రాయడం లేదు. ఆల్బమ్‌లోని ఫోటోలతో ఒక చిన్న పుస్తకం వేసి, ఛాయాచిత్రాలు ఫలానావారివి అని పెద్దతాత పేరు పెట్టాలని వాళ్ళ ఆలోచన. నన్ను అడిగింది ముందుమాట. కెమెరా బాగుచేయించి పుస్తకం పక్కన పెడితే బాగుంటుందన్నది నా స్నేహితురాలి ముచ్చట.

హైదరాబాదులో కోఠీ ప్రాంతంలో పాత కెమెరాలు చూసే మెకానిక్‌లు ఇప్పుడు చాలా తక్కువ. నేను వెళ్ళినాయన్ని అందరూ చాచా అంటారు. కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కి విన్నాడు. షట్టర్ బద్ధకిస్తోందన్నాడు. వెనక మూత ఎత్తి చూసి, "ఇందులో కలం ఉండాలి మేడం, అది పోయింది" అన్నాడు. ఇంకా ఏమేం పోయాయో ఒక కాగితం మీద రాసిచ్చాడు. పుల్ల. ఫిల్ము చుట్టుకునే రీలు. పైనుంచి చూసే అద్దాల పెట్టెలో ఒక అద్దం. దాన్ని పట్టి ఉంచే ఒక మర. తిత్తికి చిల్లులున్నాయా అని చీకట్లో లోపల చిన్న లైటు పెట్టి చూపించాడు. మడతల మూలల్లో చుక్కలు చుక్కలుగా వెలుగు, రాత్రి తాటాకు పందిట్లో దీపం పెట్టినట్టు.

ఆయన పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. షట్టర్ రేకులకి చుక్క నూనె కూడా వెయ్యడు. నూనె దుమ్ముని పట్టుకుని రేకుల్ని అతికిస్తుంది, అవి పొడిగా ఉంటేనే ఆడతాయి. శుద్ధి చేసిన పెట్రోలుతో పాత జిడ్డు కడిగి ఆరబెట్టాడు, అంతే. లేని వస్తువుల విషయంలో ఆయనకి మూడు దారులు. మొదటిది, చచ్చిపోయిన ఇంకో కెమెరాలోంచి అదే భాగం తియ్యడం. మర అలా దొరికింది. రెండోది, వేరే కెమెరా భాగాన్ని దీనికి సరిపెట్టడం. రీలు 1950ల నాటి 'బ్రౌనీ 127' అనే ప్లాస్టిక్ కెమెరాలోంచి తీసి, అంచులు అరగదీసి కూర్చాడు. మూడోది, చుట్టూ ఉన్నవాటిని బట్టి లేనిదాన్ని తయారుచేయడం. అద్దం కోసం పెట్టెలో మిగిలిన గాడి కొలిచి, పల్చటి అద్దం కోయించాడు. పుల్లకి, అది కూర్చునే చోటు పొడవు, బిగువు చూసి, సైకిల్ స్పోకు ముక్క తీసుకుని మొన గుండ్రంగా అరగదీశాడు. కాగితం చిరక్కూడదు, కార్బన్ మాత్రం కదలాలి; మొన ఎంత గుండ్రంగా ఉండాలో అందుకని తేలింది. పోయిన వస్తువు ఎలా ఉండేదో దాని పని చెప్పింది.

తిత్తి కథ వేరు. దాన్ని అతుకులు వెయ్యడం కుదరదు, కొత్తది చెయ్యాలన్నాడు. వారం తరవాత వెళితే సిద్ధంగా ఉంది. పల్చటి నల్లగుడ్డ, లోపల వరసగా అతికించిన అట్టముక్కలు, అరచేతిలో పట్టేంత తిత్తికి పదునైన మడతలు. ఎవరు చేశారంటే, "ఇంట్లో" అన్నాడు. ఇంట్లో అంటే చాచీ. నలభై ఏళ్ళుగా ఆ దుకాణంలో మారిన తిత్తులన్నీ ఆమె మడిచినవే. బిల్లు మీద దుకాణం పేరుంది. ఈ సంగతి విని నేను ఉపన్యాసమేమీ ఇవ్వలేదు గానీ, ఆమె మడతపెట్టడం చూస్తానని ఇంటికి వెళ్ళాను. పాత తిత్తిని విప్పి కాగితంలా పరిచి, గోరుతో ప్రతి మడత గీతనీ తడిమి కొలత తీసుకుంటుందామె. స్కేలు వాడదు. "పాతది చిరిగినా ఎక్కడ వంగాలో దానికి గుర్తుంటుంది" అంది ఉర్దూలో. 

పుల్ల దగ్గరే నాకూ చాచాకీ మాట తేడా వచ్చింది. స్పోకు ముక్కకి నికెల్ పూత పూయించి, పాతదానిలా మసకబార్చి ఇస్తానన్నాడు. వద్దన్నాను. అది స్పోకని చూడగానే తెలియాలన్నాను. నా మాట ఆయనకి వింతగా తోచింది. కనిపించే మరమ్మతు చేతకాని మరమ్మతు అన్నది ఆయన వృత్తిధర్మం. నాది వ్రాతప్రతుల దగ్గర నేర్చుకున్న ధర్మం. తాళపత్రాల్లో పద్యం మధ్య చెద తిన్నచోట మంచి పరిష్కర్త చుక్కలు పెట్టి గ్రంథపాతం అని రాస్తాడు. ఛందస్సు తెలుసు, గణాలు తెలుసు, ప్రాస తెలుసు. కావాలంటే ఎవరికీ తెలియకుండా పూరించగలడు. పూరించినా అది తన పూరణ అని చెప్పాలి.

మన చరిత్రలో ఇంకో రకం గ్రంథపాతం ఉంది. చెదలు తిన్నది కాదు, చేత్తో తీసేసింది. ముద్దుపళని 'రాధికాసాంత్వనం' 1887లో అచ్చయినప్పుడు కొన్ని పద్యాలతో పాటు ఆమె తన ఇంటి స్త్రీల వరసనీ తన గురించీ చెప్పుకున్న అవతారిక కూడా ఎగిరిపోయింది. అంటే పోయింది సరిగ్గా సంతకం ఉన్న భాగం. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని తిరిగి అచ్చువేసినప్పుడు వ్రాతప్రతి వెతికి తెచ్చి, తీసేసిన వాటిని వాటి చోట పెట్టింది. చాచా భాషలో మొదటి దారి. ఆ వెంటనే వచ్చిన నిషేధం గురించి ఈ పత్రిక పాఠకులకి కొత్తగా చెప్పక్కర్లేదు. నాకిక్కడ ముఖ్యం ఆమె పద్ధతి. ఆమె ఊహతో పూరించలేదు. దొరకనిచోట ఏం చెయ్యాలన్నదే మనబోటివాళ్ళకి మిగిలిన చిక్కు.

ఇప్పుడు రేకు డబ్బా. అందులో 19 నెగెటివ్‌లున్నాయి. 7 బొమ్మల పక్క సందులో రాత ఉంది. తెలుగు రాత. ఆల్బమ్‌లో ఒక్క తెలుగు అక్షరం లేదు. 'కోటిలింగాల రేవు', 'అక్కయ్య', 'చిన్నవాడు కదిలాడు' లాంటి రెండేసి, మూడేసి మాటలు. ఒక బొమ్మలో వకీలుగారు నల్లకోటుతో అరుగు ముందు నిలబడి ఉన్నారు. ఆల్బమ్‌లో దాని కింద ఇంగ్లీషులో ఆయన హోదా, 1927 అన్న సంవత్సరం. నెగెటివ్ సందులో ఇంకేదో ఉంది: 'ఎండ ఎక్కువ 3'.

ఈ 3 ఏమిటో కెమెరా చూస్తేనే తెలుస్తుంది. ఆ కెమెరాలో వెలుతురు దూరే రంధ్రానికి 1 నుంచి 4 దాకా నాలుగు అంకెలుంటాయి. దగ్గరి మనిషికి 1, మామూలు దృశ్యానికి 2, దూరపు దృశ్యానికి 3, సముద్రానికీ మబ్బులకీ 4. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. దగ్గరగా నిలబడిన మనిషికి కంపెనీ చెప్పిన ప్రకారం 1 గానీ 2 గానీ పెట్టాలి. గోదావరి ఎండ రాచెస్టర్ ఎండ కాదు గనక ఎవరో 3 పెట్టారు, పెట్టినట్టు రాసుకున్నారు. ఫోటోలో ఉన్నది ఎవరన్నది అందరికీ పనికొచ్చే వివరం. ఏ అంకె పెట్టారన్నది మాత్రం ఫోటో తీసేవాళ్ళకే పనికొస్తుంది, అదీ మళ్ళీ ఇంకో ఫోటో తియ్యబోయేవాళ్ళకి.

చేతిరాత ఎవరిదో పోల్చడానికి పెద్దమామ్మ పద్దుల పుస్తకాలు రెండు మిగిలాయి. పాలు, చాకలి, కిరసనాయిలు, రామాయణం చెప్పినాయనకి పావలా. తలకట్టుని అక్షరానికి తగలకుండా ఎత్తుగా, ఒక్క విసురులో గీసే తీరు రెండుచోట్లా ఒకటే. పుల్లతో నిలబడి రాసిన నాలుగు అక్షరాలనీ, కూచుని సిరాతో రాసిన పద్దునీ పోల్చడంలో ఉన్న పరిమితి నాకు తెలుసు. అయినా రాత ఆమెదే అనడానికి నాకు సందేహం లేదు. ఫోటో తీసింది ఆమే అనడం ఇంకో మెట్టు. నా స్నేహితురాలి బాబాయిగారు మర్యాదగానే అడిగారు: "పెద్దనాన్న చెబితే ఆవిడ రాసి ఉండొచ్చు కదమ్మా?" ఉండొచ్చు. కానీ ఆ బొమ్మలో పెద్దనాన్న కెమెరాకి ఎదురుగా, కోటు బొత్తాలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. కెమెరా ఎత్తుని బట్టి తీసినవాళ్ళ ఎత్తు లెక్కగట్టొచ్చని ఇంకొకరు సలహా ఇచ్చారు. అరుగు ముందు నేల ఎత్తుపల్లాలు తెలియకుండా ఆ లెక్క దేనికీ పనికిరాదు.

ఇలాంటి సందర్భాల్లో మనకి హోమాయ్ వ్యారవాలా గుర్తొస్తారు. 1913లో నవసారిలో పుట్టిన ఈ తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలి మొదటి ఫోటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఆవిడ దీర్ఘాయుష్మంతురాలు కావడం మన అదృష్టం. 1970లో కెమెరా పక్కన పెట్టినా, 2012లో పోయేలోగా పరిశోధకురాలు సబీనా గడిహోక్ దగ్గర కూచుని ఏ ఫోటో ఎలా తీశారో చెప్పగలిగారు. 2006లో పుస్తకం వచ్చింది. వడోదరలో ఒంటరిగా ఉంటూ ఇంటి మరమ్మతులు కూడా స్వయంగా చేసుకున్న మనిషి ఆవిడ. అందరికీ ఆ అవకాశం లేదు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచి, దాన్ని నడిపే బాధ్యత ఒక ఇంగ్లీషు స్త్రీకి అప్పగించాడు. నేను చదివిన ప్రతిచోటా ఆమె మిసెస్ కెన్నీ-లెవిక్. భర్త ఇంటిపేరు మిగిలింది. ఘోషా లోపల వందల ముఖాలని చూసిన మనిషికి సొంత పేరు లేదు. 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చినప్పుడు పోరాటంలో పాల్గొన్న స్త్రీలు బతికే ఉన్నారు, అడిగితే చెప్పారు. పెద్దమామ్మని అడగడానికి లేదు. ఉన్నవి ఏడు సందులు.

అందుకని నేను ఇంటివాళ్ళకి చెప్పింది ఇది. పేరుపేజీ మీద తాతగారి ఛాయాచిత్రాలు అని వేయకండి. ఆ ఇంటి ఛాయాచిత్రాలు అనండి. పెద్దమామ్మ ఛాయాచిత్రాలు అని కూడా వేయకండి. నా స్నేహితురాలికి ఇది నచ్చలేదు. ఇంతకాలం ఆయన పేరు ఏ రుజువు అడక్కుండా చెల్లింది, ఆమె పేరు దగ్గరికొచ్చేసరికి రుజువులా అని ఆమె కోపం. ఆ కోపం న్యాయమైనదే. కానీ రేపు ఎవరో ఒకరు ఒక్క ఫోటో ఆమెది కాదని చూపిస్తే, 'ఎండ ఎక్కువ 3' కూడా ఆ పొరపాటుతో పాటే కొట్టుకుపోతుంది. రాత ఉన్న ఏడింటినీ సందుతో సహా, అంచులు కత్తిరించకుండా వేసి, రాత పెద్దమామ్మది అని రాయమన్నాను. వకీలుగారి ఫోటో కింద తీసింది ఆవిడే కావడానికి ఉన్న ఆధారం రెండు వాక్యాల్లో. మిగతా పన్నెండింటి కింద తీసినవారు తెలియదు అని. ఆల్బమ్‌లోని ఇంగ్లీషు వివరాల కింద, ఇవి వకీలుగారి రాత అని. బాబాయిగారు ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు.

కెమెరా ఇప్పుడు పనిచేస్తుంది. 127 ఫిల్ము తయారీని కోడక్ 1995లో ఆపేసింది. 120 రకం ఫిల్ముని చీకట్లో 46 మిల్లీమీటర్ల వెడల్పుకి కోసి, పాత కాగితంతో చుట్టి వాడుకోవాలి. చాచా ఒక చుట్ట అలా కోసిచ్చాడు. నా స్నేహితురాలి కూతురు ఎనిమిది ఫోటోలు తీసింది, ఆరు వచ్చాయి. తలుపు తెరవద్దని ముందే చెప్పాం. ఇప్పటి ఫిల్ములో కార్బన్ పొర లేదు. తెరిచి స్పోకు పుల్లతో ఏం రాసినా అక్షరం పడదు.

నెగెటివ్‌ల సంగతే తొందరగా తేలాలి. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేసింది. ఇట్టే అంటుకుంటుంది, వయసు మీదపడితే పసుపుబారి, ఘాటు వాసన వేస్తూ, జిగురై ఒకదానికొకటి అతుక్కుంటుంది. మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే బిగువైన మూత ఉన్న డబ్బాలోంచి తీసి, విడివిడిగా కాగితపు కవర్లలో, వేడి తగలని గాలి ఆడేచోట, మిగతా ఫోటోలకి దూరంగా పెట్టండి. తొందరగా స్కాన్ చేయించండి, సందులతో సహా. స్కాన్ చేసేవాళ్ళు అంచులు తీసేస్తారు, ముందే చెప్పాలి. రాజమండ్రి డబ్బాలో రెండు నెగెటివ్‌లు ఇప్పటికే అతుక్కున్నాయి. పైదాని సందులో 'నేను' అన్న మాట కనబడుతోంది. దాని తరవాతి అక్షరాలు కిందిదాని జిగురులో ఉన్నాయి. విడదీస్తే రెండూ పోతాయని ప్రయోగశాలవాళ్ళు చెప్పారు. ప్రస్తుతానికి అలాగే ఉంచాం.